దయచేసి రాజీ కుదర్చకండి

మా పేటకు చరిత్ర లేదన్న సంగతి కౌన్సిలు వాళ్ళు చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. అప్పటిదాకా అందరం హాయిగానే బతుకుతున్నాం.

మా పేట పేరు పెలికన్ హైట్స్. మెల్‌బోర్న్‌కి పడమటి కొసన వుంటుంది. పెలికన్ అనే పక్షి ఇక్కడ ఎవరి కంటా పడలేదు. ఎత్తు సంగతి సరేసరి, చెయ్యి జారిన నిమ్మకాయ కూడా ఎటూ దొర్లదు. పదిహేనేళ్ళ కిందట ఇదంతా గొర్రెల బీడు. ఒక బిల్డరు వచ్చి, గొర్రెల్ని తోలేసి, ప్లాట్లు వేసి, కరపత్రం మీద సరస్సు బొమ్మ వేసి అమ్మాడు. మేం ఆ సరస్సు చూసే కొనుక్కున్నాం. వాన పడినప్పుడు వీధి చివర రౌండెబౌట్ దగ్గర కాసిని నీళ్ళు నిలుస్తాయి, బహుశా అదే అయివుంటుంది.

ఇలా వుండగా పైనించి ఒక నియమం దిగింది. చరిత్ర లేని పేట పేటే కాదట. తనకంటూ ఒక ‘సజీవ వారసత్వం’ చూపించలేని ప్రతి పేటనూ పక్క పేటలో కలిపేస్తారట. మా పక్క పేట క్వారీ ఫ్లాట్. ఊళ్ళో చెత్తంతా పోసేది అక్కడే. కలిపేస్తే మా కమ్యూనిటీ హాలు మూసేస్తారు. శనివారం తెలుగు బడి, బుధవారం ఇటలీ ముసలమ్మల హౌసీ ఆట, ఎవరికి పుట్టినరోజైనా పులిహోర, అన్నీ ఆ హాల్లోనే. ఈ మాట వినగానే పేట పేటంతా చరిత్ర కోసం ఇళ్ళల్లో అటకలు దులపడం మొదలుపెట్టింది. మావి కొత్త ఇళ్ళు కాబట్టి అటకలు లేవు.

హాల్లో మీటింగు పెట్టారు. కౌన్సిలు నించి మిస్ హార్ట్‌లీ అనే ఆవిడ వచ్చింది. సజీవ వారసత్వ పరిరక్షణాధికారి. సన్నగా, పొడుగ్గా, మెళ్ళో మూడు గుర్తింపు కార్డులతో వుంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే గానీ, నా చెవిలో పడేసరికి అది మా మంగళగిరి తాలూకాఫీసు నోటీసులాగే వినపడుతుంది.

“తమ నివాస ప్రాంతపు చారిత్రక నిక్షేపాలను నిస్సంకోచంగా సమర్పించవలసిందిగా కోరడమైనది” అంది.

ఒకాయన తన ఇంటి ముందు పదేళ్ళుగా ఇటికల మీద నిలబెట్టి వున్న చక్రాల్లేని కారును సమర్పించాడు. ఇంకొకావిడ, మొట్టమొదట పగిలిన నీళ్ళ పైపుకి ప్రత్యక్ష సాక్షినంది. ఈ నేలకు అసలు వారసులైన జనంలో పెద్దావిడ, ఆంటీ డోరీన్, కూడా ఆ మీటింగుకి వచ్చింది. పెద్దవాళ్ళని వాళ్ళూ ఆంటీ అనే పిలుస్తారు, అందుకే మొదట్నించీ నాకు ఆవిడంటే ఏదో చుట్టరికం. ఆవిడ లేచి, “చరిత్ర కావాలా? మావాళ్ళు ఇక్కడ కొన్ని వేల తరాలుగా వుంటున్నారు. సరిపోతుందా?” అని అడిగింది.

మిస్ హార్ట్‌లీ ఎంతో గౌరవంగా తల వంచింది. “తమరి చరిత్ర మహత్తరమైనది. అయితే అది వేరొక విభాగపు పరిధిలోనిది. మా విభాగము బిల్డరు ప్లాట్లు వేసిన పిమ్మట ఏర్పడిన ప్రాచీనతను మాత్రమే పరిశీలించును.”

ఆంటీ డోరీన్ కూర్చుని, సంచిలోంచి బిస్కెట్లు తీసి నాకు రెండు పెట్టి, మిగతా మీటింగంతా సినిమా చూసినట్టు చూసింది.

చివరికి మిస్ హార్ట్‌లీ లక్షణం చెప్పింది. అదే మనుషులు, అదే చోట, ఏటేటా, ఎవరూ చెయ్యమనకుండా చేసే పని ఏదైనా వుంటే అది సజీవ వారసత్వం. అలాంటిది దొరికేదాకా తాను స్వయంగా వీధి వీధీ తిరిగి గాలిస్తానంది. ఆవిడ కారు వారాల తరబడి మా పేటలో తిరిగింది. రోజూ అదే టైముకి అదే మూల మీద కాలెత్తే ఒక కుక్క మీద ఆవిడకి కొన్నాళ్ళు ఆశ కలిగింది గానీ, అది క్వారీ ఫ్లాట్ కుక్కని తేలింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన పేరు పానకాలరావు. ఇక్కడ బస్సు నడుపుతారు. స్టీరింగు ముందు సాధువు, పెరట్లో దుర్వాసుడు. మా చెక్క కంచెకి అవతల సాల్, పీనా వుంటారు. ఇటలీలో ఏదో కొండ మీది ఊరు వాళ్ళది, యాభై ఏళ్ళ కిందట ఓడెక్కి వచ్చారు. సాల్ జీవితమంతా కాంక్రీటు పోశాడు. రిటైరయ్యాక మా పక్కన ఇల్లు కొనుక్కుని, పెరట్లో గడ్డిపరక కూడా మొలవకుండా కాంక్రీటు పోసుకుని ప్రశాంతంగా వున్నాడు.

ఇక్కడ ఫిబ్రవరి అంటే ఎండాకాలం చివర. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి “ఈ ఆదివారం ఎండ మండిపోతుంది” అనగానే రెండిళ్ళలోనూ హడావుడి మొదలవుతుంది. వాళ్ళు ఏడాదికి సరిపడా టమాటా సాసు కాచి సీసాల్లో పోసుకునే రోజు అది. మేం ఏడాదికి సరిపడా వడియాలు పెట్టుకుని, కారం పట్టుకునే రోజూ అదే. వాళ్ళు పీపా కింద కట్టెలు పెట్టి సీసాలు ఉడకబెడతారు. ఆ మసి వచ్చి, ఎవరో వీధిలో పారేస్తే మేం తెచ్చుకున్న, పిల్లలు గెంతే ట్రాంపొలిన్ మీద పరిచిన వడియాల మీద వాలుతుంది. నేను మిరపకాయలు వేయించి గ్రైండర్లో వేస్తే ఆ ఘాటు కంచె దాటి పోయి, వాళ్ళ చుట్టాలందరూ గరిటెలు వదిలేసి తుమ్ముతారు. అప్పుడు మా ఆయన ఇటు నించీ సాల్ అటు నించీ కంచె దగ్గరికి వస్తారు.

మొదట ఇంగ్లీషులో మొదలవుతుంది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కాసేపటికే అయిపోతుంది. అక్కణ్ణించి మా ఆయన తెలుగులో, సాల్ వాళ్ళ ఊరి యాసలో. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు కాబట్టి ఎవరూ తగ్గాల్సిన అవసరం వుండదు.

పొద్దు వాలేసరికి ఇద్దరూ అలిసిపోతారు. పీనా కంచెలో వదులైన చెక్క ఒకటి పక్కకి జరిపి సాసు సీసాలతో వస్తుంది. నేను వేయించిన వడియాలూ కొత్త కారమూ ఇస్తాను. సాల్ మా కారం నాలిక మీద వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంకాస్త వెయ్యమంటాడు. తర్వాత మగవాళ్ళు పేకాటకి కూర్చుంటారు. వాళ్ళిద్దరూ వేరువేరు ఆటలు ఆడుకుంటున్నారని నా అనుమానం, కానీ ఇద్దరూ గెలుస్తూ వుంటారు. ఆ ఒక్కరోజు దెబ్బలాట తీసేస్తే ఏడాది పొడుగునా ఆ చెక్క సందులోంచి రాకపోకలే.

ఆ ఏటి ఆదివారం సరిగ్గా దెబ్బలాట మంచి పాకాన పడ్డప్పుడు మిస్ హార్ట్‌లీ కారు మా ఇంటి ముందు ఆగింది.

“ఏందయ్యా ఈ పొగ! మనుషులు బతకాలా వద్దా? వడియాలన్నీ బొగ్గులైపోతన్నాయి!” అని మా ఆయన వేలు ఊపుతున్నారు.

“చిల్లీ! ఎవ్రీ ఇయర్ చిల్లీ!” అని సాల్ కంచె గుద్దుతున్నాడు. వెనక చుట్టాలు తుమ్ముతున్నారు.

ఆవిడ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, “ఇది ఎంతకాలంగా సాగుతున్నది?” అని అడిగింది.

“ఇళ్ళు కట్టినప్పట్నించీనండి. ప్రతి ఏడూ.”

“దీనిని నిర్వహించు సంస్థ ఏదైనా కలదా?”

“సంస్థేంటండీ, వీళ్ళిద్దరే.”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిరపకాయల ఘాటనుకున్నాను. కాదట, చరిత్రట. చకచకా ఫొటోలు తీసుకుంది, రికార్డు చేసుకుంది. వెళ్ళబోతుంటే, “సాయంత్రం దాకా వుండండి, అసలు సంగతి అప్పుడే” అన్నాను.

“నా క్షేత్ర పరిశీలన నాలుగు గంటలకు సమాప్తము. ఆపై వేళకు ముందస్తు ఆమోదము లేదు” అని చెప్పి వెళ్ళిపోయింది. వడియాలు తినకుండా వెళ్ళిందే అని మాత్రమే నేను నొచ్చుకున్నాను. తర్వాత ఇంత కథ నడుస్తుందని తెలిస్తే ఆవిడ కారుకి అడ్డంగా పడుకునేదాన్ని.

మరుసటి నెలలో ప్రకటన వచ్చింది. పెలికన్ హైట్స్‌కి చరిత్ర వుంది. ‘కంచె పొడవునా అనూచానంగా సాగుతున్న, రాజీ ఎరుగని విరోధం.’ పేట బతికిపోయింది. హాల్లో పెద్ద సభ. మా ఆయనకీ సాల్‌కీ ఒకే సైజు దండలు వేశారు. తెలుగు సమాఖ్య అధ్యక్షులు శరభేశ్వరరావుగారు మైకందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! తెలుగువాడి భాషకు గుర్తింపు వచ్చింది, వంటకు గుర్తింపు వచ్చింది. కానీ తెలుగువాడి కోపానికి పరాయి గడ్డ మీద దక్కిన తొలి గుర్తింపు ఇది!” అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. మా ఆయన సాల్ భుజం మీద చెయ్యి వేసి ఫొటోకి నిలబడబోయారు. మిస్ హార్ట్‌లీ పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి తీసేసింది.

నియమాలు అప్పుడు తెలిశాయి. వారసత్వం పరిశీలన రోజున ఎలా వుందో అలాగే వుండాలి. రెండిళ్ళవాళ్ళూ ఎక్కడా, ఏ రూపేణా, స్నేహం కనబరచరాదు.

“సాయంత్రం కలిసిపోతామమ్మా. అదే మా ఆనవాయితీ. దెబ్బలాడేదే అందుకు” అని మొత్తుకున్నాను.

“పరిశీలనలో సౌహార్దము గమనింపబడలేదు.”

“మీరు వెళ్ళిపోయాక గమనింపబడిందమ్మా!”

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. “అమ్మా, మేము లేనప్పుడు జరిగినది కేవలము సంఘటన. మేమున్నప్పుడు జరిగినదే వారసత్వము.”

మర్నాడే ఇద్దరు వడ్రంగులు వచ్చి కంచెలో వదులు చెక్కకి మేకులు కొట్టేశారు. పరిశీలన జరిగేటప్పుడు అది మూసి వుందట. మా ఇంటి ముందు గడ్డిలో ఒక బోర్డు పాతారు. ‘ఇది సజీవ వారసత్వ సంఘర్షణ. దయచేసి రాజీ కుదర్చకండి.’ పెరట్లో కంచెకెదురుగా చూడవచ్చేవాళ్ళ కోసం ఒక బెంచీ వేశారు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో మా ఆయన మురిసిపోయారు. ఏడాదికొక్కసారి దెబ్బలాట పర్యాటకులకి చాలదని కౌన్సిలు దాన్ని ప్రతి ఆదివారానికీ మార్చింది, పొద్దున ఒక ఆట, మధ్యాహ్నం ఒక ఆట. ఆయన అద్దం ముందు నిలబడి వేలు ఊపడం సాధన చేసేవారు. చలికాలంలో వడియాలు ఎండవు కాబట్టి కౌన్సిలు ప్లాస్టిక్ వడియాలు చేయించి ట్రాంపొలిన్‌కి అతికించింది. పీపా బదులు నాటకాలవాళ్ళ పొగ మిషను తెచ్చింది. మిరపకాయల ఘాటు ఆరోగ్య భద్రతకు విరుద్ధం కాబట్టి, సాల్ చుట్టాలకు బదులు జీతానికి తుమ్మేవాళ్ళని పెట్టారు.

పరిశీలన రోజున మా ఆయన లుంగీ మీద, ఎడం చంక కింద చిల్లు పడ్డ బనీను వేసుకుని వున్నారు. ఆ చిల్లు కూడా నమోదైపోయింది. తెల్ల గ్లౌజులు వేసుకున్న నిపుణురాలొకావిడ వచ్చి బనీనుని మెత్తని కాగితంలో చుట్టి పట్టుకెళ్ళి, చిల్లు ఇక పెరక్కుండా చుట్టూ కంటికి కనపడని కుట్టు వేయించి తెచ్చింది. “చిల్లు స్థిరీకరింపబడినది” అని ధ్రువపత్రం ఇచ్చింది. ఆ బనీనుతో స్టవ్వు తుడుచుకుందామని నేను ఎప్పట్నించో కాచుకుని వున్నాను.

బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చేవాళ్ళు. ఒక చంటిది కంచె దగ్గరికొచ్చి, “అంకుల్, మీకు నిజంగా కోపమా?” అని అడిగింది. మా ఆయన గబగబా లోపలికొచ్చేశారు. ఆ రోజు అన్నం దగ్గర కూర్చుని, “ఏమే, వారం వారం కోపం యాణ్ణించి తేనే నేను? ఉన్నదంతా అయిపోయింది” అన్నారు. అవతల సాల్ పరిస్థితీ అంతే అయివుండాలి. కంచె గుద్దడం తగ్గి, ఊరికే తట్టడం మొదలుపెట్టాడు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మగవాళ్ళ దెబ్బలాటకి నాకూ పీనాకూ మాటలు బందయ్యాయి. ఫోనుంది కదా అంటారేమో. మా ఇద్దరి మధ్య వున్న భాష సగం ఇంగ్లీషు, సగం చేతులు. ఫోనులో చేతులు వినపడవు. ఒకసారి చేశాను. “బ్రామా!” అంది తను, నా పేరు భ్రమరాంబ, అలా పలకడానికి తనకి నోరు తిరగదు. “పీనా!” అన్నాను నేను. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోను పట్టుకుని తలలు ఊపుకున్నాం. నాకు ఇక్కడ తెలిసినవాళ్ళు బోలెడుమంది వున్నారు, స్నేహితురాలు మాత్రం తనొక్కతే. ఆ సంగతి కంచెకి మేకులు కొట్టాకే నాకు తెలిసింది.

పోనీ ధిక్కరిద్దామంటే వీధి వీధంతా కాపలా. రెండిళ్ళ మధ్యా పొత్తు కుదిరిందంటే చరిత్ర పోతుంది, పేట క్వారీ ఫ్లాట్‌లో కలుస్తుంది. ఓ శనివారం మా ఆయనా సాలూ ఎవరికి వారు బయల్దేరి, పక్క ఊళ్ళో ఇనపసామాను అమ్మే పెద్ద షాపు దగ్గర కలుసుకున్నారు. ఆ షాపు బయట బ్రెడ్డు ముక్కలో మాంసం సాసేజీ పెట్టి, ఆవాల ముద్ద రాసి అమ్ముతారు, ఇక్కడివాళ్ళకి అది తీర్థప్రసాదం. ఇద్దరూ చెరొకటి కొనుక్కుని పక్కపక్కన నిలబడి తింటుంటే మా ఎదురింటి ట్రేసీ ఫొటో తీసి కౌన్సిలుకి పంపింది. మర్నాడు నోటీసు వచ్చింది. నేరం: అనధికార చిరునవ్వు.

“నవ్వలేదే, ఆవాలు ముక్కుకెక్కినయ్” అని మా ఆయన నాకు చెప్పారు. వాళ్ళ ఆవాల ముద్దకి అంత ఘాటెక్కడిది?

ఆగస్టులో ఓ వాన రోజు, పొద్దుటి ఆటకి వస్తూ సాల్ తన కాంక్రీటు మీదే కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పీనా కేక వినపడింది. మా ఆయన కంచె దగ్గరికి పరిగెత్తి, ఆ చెక్క పట్టుకుని లాగారు. కౌన్సిలువాళ్ళు కొట్టిన మేకులు, కదల్లేదు. ఆ కంగార్లో వీధి వైపు నించి చుట్టి వెళ్ళొచ్చన్న సంగతే మాకు తట్టలేదు. ఆయన కంచె పట్టుకుని, “సాల్! సాల్! లేవబాక, కదలబాక!” అని అరుస్తున్నారు. బెంచీ మీద కూర్చున్న సందర్శకులు అది ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళేదాకా ఆయన ఆ చెక్కలు వదల్లేదు. నాకు ఆ చప్పట్లు విని కడుపు మండిపోయింది, ఆయన మొహం చూసి ఏడుపొచ్చింది.

మరుసటి ఆదివారానికి కౌన్సిలు బదులు మనిషిని పంపింది. ఆలివర్ అని, నాటకాల బళ్ళో చదువుతున్న కుర్రాడు. సాల్ లాగా మీసం అతికించుకుని వచ్చాడు. కంచె గుద్దిన ప్రతిసారీ “సారీ అండీ” అంటాడు. మా ఆయన వాడి మొహం చూస్తూ నిలబడ్డారు. ఎత్తిన వేలు దించేశారు. మిస్ హార్ట్‌లీ వచ్చి, “తమరి వైరము ప్రమాదకర స్థాయికి క్షీణించినది” అని హెచ్చరించింది.

“ఆస్పత్రికి పోయి ఒక్కసారి ఆణ్ణి చూసొస్తానమ్మా” అన్నారు మా ఆయన.

దానికి ‘తాత్కాలిక సౌహార్ద అనుమతి’ కావాలట. దరఖాస్తు చేస్తే అభ్యంతరాలు పిలిచారు. అభ్యంతరాలు వచ్చాయి. ట్రేసీ, ఇప్పుడిప్పుడే ఇళ్ళ ధరలు పెరుగుతున్నాయంది. మా వీధి మొదట్లో ‘విరోధం కాఫీ’ అని కొట్టు తెరిచినాయన, ఇది తన పొట్ట మీద కొట్టడమేనన్నాడు. మన శరభేశ్వరరావుగారైతే విచారణకి కండువా వేసుకుని వచ్చారు.

“పానకాలరావుగారి వ్యక్తిగత ప్రేమాభిమానాల కోసం జాతి ఆగ్రహాన్ని తాకట్టు పెట్టలేం!” అన్నారు.

పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. బల్ల వెనక కూర్చున్న ముగ్గురిలో నడిమాయన మా ఆయన్ని అడిగాడు: “దరఖాస్తుదారు రోగిని దర్శింపగోరుటకు గల హేతువు?”

మా ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని తెలుగులో పెడితే ఇట్టా వుంటుంది: “హేతువేందండీ? పడ్డాడు గదా. పక్కింటోడు పడితే చూడ్డానికి పోరా?”

“అది సౌహార్దమగును.”

“అయితే అయింది.”

హాల్లో గగ్గోలు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు గుసగుసలాడుకున్నారు. ఆ తర్వాత తీర్పు చదివారు. విరోధం స్థలానికి చెందినది కాదు, మనుషులకు చెందినది. కాబట్టి అది కదిలే వారసత్వం. దాన్ని ఆస్పత్రికి తరలించవచ్చు. అయితే దరఖాస్తుదారు అక్కడ వున్నంతసేపూ ఎడతెగకుండా దెబ్బలాడుతూనే వుండాలి. భాష, పరిశీలన రోజున నమోదైన ప్రకారం, ఎవరిది వారిది. రెండు పక్షాల మధ్యా కంచె వుండి తీరాలి.

అలా నేనూ, మా ఆయనా, స్థిరీకరించిన బనీనూ, చక్రాల బండి మీద నిలబెట్టిన నాలుగు చెక్కల కంచె ముక్కా, దాన్ని తోసే వడ్రంగీ, వెనక మిస్ హార్ట్‌లీ, అందరం కలిసి ఆస్పత్రి లిఫ్టు ఎక్కాం. లిఫ్టులో ఒక నర్సు మా కంచెని ఎగాదిగా చూసి, ఏ వార్డుకని మాత్రం అడిగింది.

సాల్ మంచం మీద ఇంతే వున్నాడు. అంతటి మనిషి దుప్పటి కింద చిన్నపిల్లాడిలా అయిపోయాడు. పక్కన కుర్చీలో పీనా. కంచె ముక్కని మంచానికి ఆనించి నిలబెట్టారు. మా ఆయన ఇవతల నిలబడి రెండు చేతులతో చెక్కలు పట్టుకున్నారు.

“వైరము ప్రారంభింపబడుగాక” అంది మిస్ హార్ట్‌లీ.

మా ఆయన వేలెత్తారు. వార్డు దద్దరిల్లేట్టు అరిచారు.

“ఏరా సన్నాసీ! వానలో ఆ కాంక్రీటు మీద నడిచేదేందిరా నువ్వు? బుద్ధుందా నీకు? కూడు తింటన్నావా లేదా? ఆ బుగ్గలు చూడు ఎట్టా పీక్కుపొయినయ్యో! ఆదివారం నీ మీసం పెట్టుకుని ఓ బక్కోడొచ్చాడు, ఆడితో నేనేం తగాదా పడేది? నువ్వు లేకపోతే పొద్దు పోవట్లేదురా!”

సాల్‌కి ఒక్క ముక్క తెలుగు రాదు. మా ఆయన మొహంలోకి అలాగే చూశాడు. తర్వాత దిండు మీద మోచెయ్యి ఆనించి, పైకి లేచి, కంచె మీద ఒక్క గుద్దు గుద్దాడు. వాళ్ళ ఊరి యాసలో అందుకున్నాడు. ఏమన్నాడో నాకు తెలీదు. పీనా కళ్ళు తుడుచుకుంటూ, వాళ్ళాయన అరుపు మధ్యలో నవ్వుతోంది కాబట్టి తిట్లు కావని అర్థమైంది. పక్క మంచాల వాళ్ళు తలలు ఎత్తి చూశారు. నర్సు పరిగెత్తుకొచ్చి, సాల్ నాడి పట్టుకుని చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

మిస్ హార్ట్‌లీ పరవశించిపోయింది. “ఇంతటి ప్రగాఢ శత్రుత్వము నా ఉద్యోగ జీవితమున ఎరుగను” అంది. “దీనిని శాశ్వత శ్రేణికి పెంచెదను.”

నాకు అప్పుడు తట్టింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “అమ్మా, ఒక లోటుంది. ఈ వారసత్వమంతా మగవాళ్ళదే అయిపోయింది. రెండిళ్ళ ఆడవాళ్ళకీ పగే లేదంటే రేపు ఎవరైనా అడగరూ?”

ఆవిడ మొహం పాలిపోయింది. అలాంటి లోటు ఒకటి తన రికార్డులో వుందన్న సంగతి ఆవిడకి అప్పుడే తోచినట్టుంది. పెదవి కొరుక్కుంది, బయటికెళ్ళి ఎవరికో ఫోను చేసి వచ్చింది. “స్త్రీల విరోధము కూడ తక్షణమే నమోదుకు అర్హము. ప్రదర్శింపుడు.”

నేను కంచెకి ఇటు నిలబడ్డాను. పీనాకి చేతులతో సైగ చేశాను. అర్థం కావడానికి తనకి ఎంతోసేపు పట్టలేదు. కుర్చీలోంచి లేచి అటు నిలబడింది. ఆరు నెలలయింది తనని ఇంత దగ్గరగా చూసి. జుట్టు బాగా నెరిసింది. నేను ఊపిరి పీల్చుకుని అరిచాను.

“ఓసి దొంగమొహమా! ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి! ఎంత చిక్కిపోయావే! ఒక్కదానివే ఎట్టా లాక్కొస్తన్నావే ఇదంతా? రాత్రిళ్ళు నిద్ర పడతందా? రేపట్నించీ పప్పన్నం నేను తెస్తా, తినకపోయావో చూడు, నీ అంతు చూస్తా!”

“బ్రామా!” అని పీనా ఒక్క అరుపు అరిచింది. ఇక ఆగలేదు. గడగడా, చేతులు ఊపుకుంటూ, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, వాళ్ళ కొండ మీది ఊరి భాషంతా నా మీద గుమ్మరించింది. నేను తెలుగులో అంతకు రెండింతలు గుమ్మరించాను. చెక్కల సందులోంచి తన వేళ్ళు వచ్చి నా వేళ్ళు పట్టుకున్నాయి. వాటిని విడిపించడానికి నేను తీవ్రంగా పెనుగులాడుతున్నానని మిస్ హార్ట్‌లీ రాసుకుంది. ఇంత హాయిగా నేను జన్మలో ఎవరితోనూ పోట్లాడలేదు.